ఖాళీ లేను లెక్క: దిల్లీ బీఆర్‌టీ నుంచి మన బీఆర్‌టీఎస్ రోడ్ల దాకా

దక్షిణ దిల్లీలో అంబేడ్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్ల రోడ్డు ఉంది. 2008 ఏప్రిల్‌లో ఆ రోడ్డు నడుమ అటొక వరస, ఇటొక వరస బస్సులకే వదిలేసి బీఆర్‌టీ అని పేరు పెట్టారు. బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్ అన్నమాట. 2015 జులైలో ఆమ్ ఆద్మీ ప్రభుత్వం దాన్ని ఎత్తేయాలని తేల్చింది, మరుసటి ఏడాది మొదట్లో జేసీబీలు దిగాయి. దిల్లీ గేట్ దాకా 14.5 కిలోమీటర్లు వేయాలనుకున్నారు. అందులో సగం కూడా వేయలేదు, వేసిన ముక్క ఎనిమిదేళ్లు నిలవలేదు.

దిల్లీతో ఆగి ఉంటే అదేదో ఆ ఊరి గొడవ అనుకుని వదిలేయొచ్చు. కానీ 2024 జనవరిలో భోపాల్‌లో పీకడం మొదలైంది. అదే ఏడాది నవంబరులో ఇండోర్ కారిడార్‌నూ తీసేస్తామని ముఖ్యమంత్రి మోహన్ యాదవ్ ప్రకటించారు, 2025 ఫిబ్రవరిలో హైకోర్టు సరేనంది. మన విశాఖలో, విజయవాడలో అంత రభస జరగలేదు. బస్సు సంగతి జనం మరిచిపోయారు, రోడ్డుకు పేరు మాత్రం మిగిలింది. ఇవాళ విజయవాడలో ఆటో ఎక్కి ‘బీఆర్‌టీఎస్ రోడ్డు’ అంటే సరిగ్గా తీసుకెళ్లి దింపుతారు. ఆ నాలుగక్షరాలకూ బస్సుకూ ఏం సంబంధమో డ్రైవరుకూ అక్కర్లేదు, ఎక్కినవాళ్లకూ అక్కర్లేదు.

ఏ ఊళ్లో చూసినా ఫిర్యాదు ఒకటే: సగం రోడ్డు బస్సులకు రాసిచ్చారు, అది ఖాళీగా పడి ఉంటుంది, పక్కన మేం ఇరుక్కుని చస్తున్నాం. ఈ మాట అబద్ధం కాదు. ఆ లేను నిజంగానే ఖాళీగా కనిపిస్తుంది. అయితే ఆ ఖాళీ ఎలాంటిదో కొలిచి చూడాలి.

అర నిమిషానికో బస్సు వస్తోందనుకుందాం. గంటకు 120 బస్సులు. బస్సుకు 60 మంది చొప్పున 7,200 మంది. బస్సు గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో నడుస్తుంటే అర నిమిషంలో 165 మీటర్లకు పైగా పోతుంది. అంటే పన్నెండు మీటర్ల బస్సొకటి, దాని వెనక నూటయాభై మీటర్ల ఉత్త కాంక్రీటు, మళ్లీ బస్సు. పక్క వరసలో కార్లు బంపరుకు బంపరు తగిలేలా నిలబడి ఉంటాయి. సిగ్నళ్లున్న ఊరి రోడ్డు మీద ఒక వరసలో గంటకు వెయ్యి కార్లు దాటితే గొప్పే. కారుకు ఒకటిన్నర మంది లెక్కన పదిహేను వందల మంది. నిండుగా కనిపించే వరస కన్నా పది భాగాల్లో తొమ్మిది భాగాలు ఖాళీగా కనిపించే వరస నాలుగైదు రెట్ల జనాన్ని దాటిస్తోంది. కారు అద్దంలోంచి చూసేవాడికి ఈ లెక్క తట్టదు. తట్టాలని ఆశించడం కూడా న్యాయం కాదు.

ఇప్పుడు అదే లేనులో ఇరవై నిమిషాలకో బస్సు అనుకోండి. గంటకు మూడు బస్సులు, నూట ఎనభై మంది. ఇదీ ఖాళీయే, కానీ ఇక్కడ కారువాడి కోపంలో న్యాయముంది. బయటి నుంచి చూస్తే రెండు ఖాళీలూ ఒకేలా ఉంటాయి. బీఆర్‌టీ మంచిదా చెడ్డదా అని ఇరవై ఏళ్లుగా మన దగ్గర నడుస్తున్న వాదమంతా ఈ రెంటినీ ఒక గాటన కట్టేసి చేస్తున్నదే. ఏ ఊరిది ఏ ఖాళీయో చూసుకుంటూ పోతే కథ వేరేగా కనిపిస్తుంది.

మూలాల దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. బ్రెజిల్‌లోని కురితీబాలో 1974లో బస్సులకు ప్రత్యేక దారులు మొదలయ్యాయి. అప్పటి మేయర్ జైమీ లెర్నర్ వృత్తిరీత్యా ఆర్కిటెక్ట్. ఆ దారుల వెంటే ఎత్తయిన భవనాలకు అనుమతులిచ్చి ఊరినే వాటి చుట్టూ పెంచారు. ప్రపంచాన్ని తనవైపు తిప్పుకున్నది మాత్రం కొలంబియా రాజధాని బొగోటా. దాని దగ్గర కాస్త నిలబడాలి.

1990ల బొగోటాలో సిటీ బస్సులు ప్రైవేటు యజమానులవి. డ్రైవరు సంపాదన ఎంతమందిని ఎక్కించుకున్నాడన్న దాని మీదే. దాంతో ఒకే రూటులో రెండు బస్సులు పోటీపడి పరుగెత్తేవి, మనిషి చెయ్యెత్తితే రోడ్డు మధ్యలో ఆగేవి. పైసల కోసం జరిగే ఆ కొట్లాటను అక్కడివాళ్లు యుద్ధమనే పిలిచేవారు. దిల్లీలో బ్లూలైన్ బస్సులు చూసినవాళ్లకు ఇంతకన్నా వివరించనక్కర్లేదు. 1998లో మేయరైన ఎన్రికె పెన్యలోసా మూడేళ్లలో, 2000 డిసెంబరుకల్లా, ట్రాన్స్‌మిలేనియో పేరుతో కొత్త వ్యవస్థను రోడ్డెక్కించాడు. పత్రికల్లో వచ్చిన ఫొటోలన్నీ ఎర్ర బస్సులవి, అద్దాల స్టేషన్లవి. అసలు మార్పు ఫొటోకు అందేది కాదు. బస్సులు ప్రైవేటు కంపెనీలవే, కానీ వాళ్లకు డబ్బులిచ్చేది తిరిగిన కిలోమీటర్లను బట్టి. ఎన్ని బస్సులు, ఏ వేళకు, ఏ దారిన అన్నది నిర్ణయించేది నగర సంస్థ. టికెట్ డబ్బు ముందు ఒక ఖాతాలో పడి అక్కడి నుంచి పంపకమవుతుంది. పక్క బస్సు కన్నా ముందు స్టాపు చేరాల్సిన అవసరం డ్రైవరుకు ఆ రోజుతో పోయింది. కొత్త బస్సు దింపాలంటే కొన్ని పాత బస్సుల్ని తుక్కు కింద వేయాలన్న షరతూ పెట్టారు. రోడ్డు ఖర్చులో కొంత పెట్రోలు మీద వేసిన సర్‌చార్జి నుంచి వచ్చింది.

ఇక స్టేషన్. టికెట్ గేటు దగ్గరే తీసుకుంటారు, బస్సులో కండక్టరు ఉండడు. ప్లాట్‌ఫాం ఎత్తు, బస్సు నేల ఎత్తు ఒకటే, మెట్లెక్కే పని లేదు. బస్సు పద్దెనిమిది మీటర్ల పొడవు, మధ్యలో అతుకు. ఒకప్పుడు హైదరాబాద్‌లో ఆర్టీసీ నడిపిన వెస్టిబ్యూల్ బస్సు గుర్తున్నవాళ్లు దాన్ని ఊహించుకోవచ్చు. నాలుగు తలుపులు ఒక్కసారే తెరుచుకుంటాయి, నూట అరవై మంది పడతారు. అన్నిటికన్నా ముఖ్యం, స్టేషన్ దగ్గర బస్సుకు రెండో వరస ఉంటుంది. ఆగిన బస్సును దాటుకుని ఎక్స్‌ప్రెస్ బస్సు వెళ్లిపోతుంది. ఇవన్నీ కలిస్తే ఒక దిక్కున గంటకు నలభై వేల మందికి పైగా ప్రయాణించారు. చాలా మెట్రో రైళ్లకు అంత జనం రారు.

అక్కడితో కథ సుఖాంతమని చెప్పేవాళ్లు 2001 తర్వాత బొగోటా వైపు చూడనివాళ్లు. కొద్ది ఏళ్లకే కాంక్రీటు పలకలు పగిలి మరమ్మతుల బిల్లు నెత్తిన పడింది. ఒక దశ కాంట్రాక్టుల్లో అవినీతి బయటపడి 2011లో మేయర్ సామ్యూల్ మొరేనో సస్పెండయ్యాడు. 2012 మార్చిలో కిక్కిరిసిన బస్సులతో విసిగిన జనం స్టేషన్ల మీద పడి అద్దాలు పగలగొట్టారు. గేట్లు దూకి టికెట్ లేకుండా ఎక్కడం ఇప్పటికీ పెద్ద తలనొప్పి. ఏళ్ల తరబడి వాయిదా పడ్డ మెట్రోను ఇప్పుడు స్తంభాల మీద కడుతున్నారు. బొగోటావాసి ట్రాన్స్‌మిలేనియోని తిట్టుకుంటూనే ఎక్కుతాడు. ఆ తిట్టు బస్సులు కిటకిటలాడుతున్నాయన్నది. మన ఊళ్లలో వినిపించే తిట్టు అది కాదు.

మనవాళ్లు దీన్ని తెచ్చుకున్నప్పుడు మొదట తగిలిన చిక్కు బస్సు తలుపు. మనం రోడ్డుకు ఎడమ పక్కన నడుస్తాం కాబట్టి బస్సు తలుపులు ఎడమవైపు ఉంటాయి. లేను రోడ్డు మధ్యలో వేశాక డివైడర్ కుడివైపు వస్తుంది. స్టేషన్ డివైడర్ మీద కడితే తలుపు కుడివైపు ఉండాలి. అలాంటి బస్సు వేరే కొనాలి, అది మామూలు స్టాపుల్లో పనికిరాదు. తలుపు ఎడమనే ఉంచితే స్టాపును బస్సు వరసకూ కారు వరసకూ మధ్య, అటొకటి ఇటొకటి కట్టాలి. అహ్మదాబాద్ మొదటిది ఎంచుకుంది, దిల్లీ రెండోది.

దిల్లీ ఎంపిక వెనక ఉన్న ఆలోచన తెలివితక్కువది కాదు. రూపకల్పన ఐఐటీ దిల్లీ వాళ్లది. గీతం తివారీ, దినేశ్ మోహన్ ఏళ్ల తరబడి రోడ్డు మీద నడిచేవాళ్ల గురించీ సైకిళ్ల గురించీ పనిచేసినవాళ్లు. ఎక్కడెక్కడి నుంచో వచ్చే మామూలు డీటీసీ బస్సు ఈ ఆరు కిలోమీటర్లూ ప్రత్యేక లేనులో నడిచి, ఆ తర్వాత బయటపడి తన దారిన పోతుంది. ప్రయాణికుడు బస్సు మారక్కర్లేదు. ఇలాంటి దాన్ని ఓపెన్ సిస్టమ్ అంటారు. ఇది నడవదు అనేవాళ్లకు చైనాలోని గ్వాంగ్‌జౌ జవాబు. 2010లో అక్కడ 22.5 కిలోమీటర్లు ఇదే పద్ధతిలో కట్టి, ఒక దిక్కున గంటకు పాతిక వేల మందికి పైగా దాటించారు. తేడా ఒక్కటే. గ్వాంగ్‌జౌ స్టేషన్లు పొడుగ్గా, దాటిపోయే వరసతో ఉన్నాయి. దిల్లీలో స్టాపును తీసుకెళ్లి సిగ్నల్ ముందు పెట్టారు, దాటడానికి వరస లేదు.

దాని ఫలితం చిరాగ్ దిల్లీ జంక్షన్‌లో కనిపించేది. ముందు బస్సు జనాన్ని ఎక్కించుకుంటుండగా పచ్చ లైటు పడుతుంది. ఎక్కడం అయ్యేసరికి ఎరుపు వచ్చేస్తుంది. వెనక బస్సు దాటలేదు. దానికి తోడు, బస్సులు మధ్యలో నడుస్తున్నప్పుడు కుడికి తిరిగే కార్లు వాటిని అడ్డంగా కోసుకుని పోవాలి. అంటే సిగ్నల్‌లో వాటికి వేరే వంతు ఇవ్వాలి. వంతులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు నిలబడే సమయం పెరుగుతుంది. సిగ్నల్‌ను చాలాసార్లు పోలీసులు చేత్తో నడిపేవారు, అప్పుడు ఎటువైపు క్యూ పొడుగ్గా కనిపిస్తే అటు వదలడమే. కార్ల క్యూ ఎప్పుడూ పొడుగ్గానే కనిపిస్తుంది, యాభై మంది ఒక్క బస్సులో నిలబడితే పన్నెండు మీటర్లే కదా! ఇదంతా జంక్షన్ డిజైన్ లోపం, సరిచేయగలిగినదే. కానీ టీవీలో వచ్చిన దృశ్యం కార్ల క్యూ, పక్కన ఖాళీ లేను. జనం బుర్రల్లో అదే ముద్ర పడిపోయింది.

కేసు దిల్లీ హైకోర్టుకు వెళ్లింది. న్యాయభూమి అనే స్వచ్ఛంద సంస్థ లేన్లు ఎత్తేయాలని పిటిషన్ వేసింది. కోర్టు కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థతో అధ్యయనం చేయించింది. 2012 వేసవిలో కొన్నాళ్లు కార్లను కూడా బస్సు లేనులోకి వదిలారు. అదే ఏడాది అక్టోబరులో పిటిషన్‌ను కొట్టేస్తూ, రోడ్డు మీద వాహనాల సంఖ్య కన్నా అందులో ప్రయాణించే మనుషులే లెక్క అన్న వాదన వైపే కోర్టు నిలిచింది. ఆ కారిడార్‌లో వాహనాల లెక్కన బస్సులు పిడికెడు, మనుషుల లెక్కన దాదాపు సగం. అంటే దిల్లీది మొదటి రకం ఖాళీ. కోర్టులో నెగ్గినా దాని తరఫున నిలబడ్డవాడు లేకపోయాడు. కట్టిన కాంగ్రెస్ ప్రభుత్వానికే దాన్ని పొడిగించే ధైర్యం రాలేదు. 5.8 కిలోమీటర్లలో బస్సు ప్రయాణికుడికి మిగిలేది కొన్ని నిమిషాలు. ఆ తర్వాత మళ్లీ మామూలు రద్దీయే. ఆ కొద్ది నిమిషాల కోసం ఎవరూ వీధికెక్కరు, ఓటూ వేయరు. కారులో ఆగిపోయినవాడు మాత్రం పత్రికకు రాస్తాడు, తెలిసిన ఎమ్మెల్యేకు ఫోన్ చేస్తాడు.

అహ్మదాబాద్ దీన్ని చూసి నేర్చుకుంది. సెప్ట్ విశ్వవిద్యాలయం రూపకల్పన చేసిన జన్‌మార్గ్ 2009 అక్టోబరులో పన్నెండున్నర కిలోమీటర్లతో మొదలై ఆ తర్వాత చాలా పెరిగింది. కుడి తలుపు బస్సులు, డివైడర్ మీద స్టేషన్లు, బొగోటా తరహా టికెట్ గేట్లు, నడిపేందుకు వేరే కంపెనీ. మొదట వెడల్పాటి రింగ్ రోడ్డు మీద కట్టారు, అక్కడ ఎవరి కారు వరసనూ లాక్కునే పని పెద్దగా పడలేదు. బస్సు వేళకు వచ్చింది, శుభ్రంగా ఉంది, జనం మెచ్చుకున్నాక మిగతా రోడ్ల మీదికి వెళ్లారు. అంతర్జాతీయ అవార్డులూ వచ్చాయి. అయితే దీన్ని నమూనాగా చూపేవాళ్లు చెప్పని సంగతి ఉంది. పాత మునిసిపల్ బస్సులకు ఆ లేనులోకి ప్రవేశం ఉండేది కాదు. ఎక్కువమంది బీదవాళ్లు ఎక్కేవి ఆ బస్సులే, అవి కార్ల మధ్య నలుగుతూ ఉంటే పక్కనే కొత్త బస్సు జారిపోయేది. వేసిన సైకిల్ దారులు చాలాచోట్ల పార్కింగ్‌గా మారాయి. నా మట్టుకు అహ్మదాబాద్‌ది సగం విజయం. సూరత్ అదే బాటలో నడిచి దేశంలోకెల్లా పొడవైన నెట్‌వర్క్ కట్టుకుంది.

ఇండోర్ గురించి క్లుప్తంగా చాలు. అక్కడ ఏబీ రోడ్డు మీది పదకొండున్నర కిలోమీటర్ల ఐబస్‌కు జనం ఉండేవారు. అయినా ఆ లేనును తీసేయాలన్న నిర్ణయం ఆగలేదు.

ఇక మన సంగతి. 2005 డిసెంబరులో మొదలైన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం కింద కేంద్రం పట్టణాలకు డబ్బులిచ్చింది. విశాఖలో పెందుర్తి వైపు ఒకటి, సింహాచలం మీదుగా ఇంకొకటి, రెండు కారిడార్లు కలిపి దాదాపు నలభై కిలోమీటర్లు, సుమారు 450 కోట్లు. విజయవాడలో దాదాపు 15 కిలోమీటర్లు, సుమారు 150 కోట్లు. కిలోమీటరుకు పది, పదకొండు కోట్లు. హైదరాబాద్ మెట్రో తొలి దశ 69 కిలోమీటర్లకు ఇరవై వేల కోట్ల పైమాటే, అంటే కిలోమీటరుకు మూడు వందల కోట్ల దాకా. చవకే. కాకపోతే ఆ పది కోట్లు రోడ్డుకు, కల్వర్టుకు, డివైడర్‌కు, షెల్టర్‌కు. బస్సు నడిపే ఖర్చు ఆర్టీసీది. రోడ్డు వేసింది కార్పొరేషన్, బస్సు తిప్పాల్సింది ఆర్టీసీ, సిగ్నల్ పోలీసుల చేతిలో. అర నిమిషానికో బస్సు నడిపి తీరాలని ఎవరినీ కట్టుబడేలా చేసిన కాగితం లేదు. రోడ్డు వేస్తే కేంద్రం డబ్బిస్తుంది, నాలుగు బస్సులు ఎక్కువ తిప్పితే ఆర్టీసీకి నష్టం పెరుగుతుంది. ఇలాంటప్పుడు ఏం తయారవుతుందో జోస్యం అక్కర్లేదు. మంచి రోడ్డు తయారవుతుంది.

దారుల ఎంపిక కూడా చూడండి. విశాఖలో పొద్దునా సాయంత్రం జనం ఒరుసుకుని ప్రయాణించేది గాజువాక నుంచి ఎన్‌ఏడీ మీదుగా మద్దిలపాలెం వైపు, జాతీయ రహదారి మీద. ఉక్కు ఫ్యాక్టరీ, రేవు, ఆటోనగర్, అన్నీ ఆ దిక్కునే. కారిడార్లలో ఒకటి మాత్రం ముడసర్లోవ, అడవివరం మీదుగా కొండల నడుమ నుంచి సింహాచలం పోతుంది. చందనోత్సవం నాడు, గిరి ప్రదక్షిణ నాడు ఆ దారి చాలదు, మామూలు మంగళవారం అది చాలా ఎక్కువ. అందులోనూ సింహాచలం దగ్గర ముక్క భూసేకరణ చిక్కుల్లో ఏళ్ల తరబడి ఆగింది. విజయవాడలో సత్యనారాయణపురం మీదుగా పాత రైలు పట్టాలు తీసేసిన జాగా దొరికింది. ఇళ్లు కూల్చకుండా ఊరి మధ్యలో తిన్నటి వెడల్పాటి రోడ్డు, ఏ నగరానికీ అంత తేలిగ్గా దక్కని అదృష్టం. కానీ బెజవాడ బస్సు జనం ఉండేది ఏలూరు రోడ్డు మీద, బందరు రోడ్డు మీద. జాగా ఉన్నచోట లేను వేశారు, జనం ఉన్నచోట వేయలేదు. సాయంత్రమైతే ఆ రోడ్డు మీద నడకకు వచ్చేవాళ్లూ టిఫిన్ బండ్లూ కళకళలాడతాయి. ఊరికి అదీ మేలే, కానీ దానికోసం కేంద్రానికి బస్సు పేరు చెప్పనక్కర్లేదు. మన రెండు ఊళ్లదీ రెండో రకం ఖాళీ. దాన్ని చూసి బీఆర్‌టీ విఫలమైందనడం, వంట మొదలుపెట్టకుండానే రుచి బాగాలేదనడం లాంటిది.

లాటిన్ అమెరికా నుంచి వచ్చిన పుస్తకాల్లో లేని చిక్కు మన రోడ్ల మీద ఇంకోటి ఉంది, టూవీలర్. కారును ఆపేందుకు గట్టు కట్టొచ్చు, బండివాడు సందు దొరికితే దూరతాడు. దిల్లీలో లేను మొదట్లో మార్షల్స్‌ను నిలబెట్టాల్సి వచ్చింది. బస్సు తరచుగా వస్తుంటే వెనక హారన్ మోగుతూనే ఉంటుంది, అందులో బండి నడపడం వాడికే ఇబ్బంది. బస్సు రానప్పుడు ఏ కాపలావాడూ ఆపలేడు. అక్కడా తేల్చేది బస్సుల సంఖ్యే.

ఈ పాత కథ ఇప్పుడెందుకంటే, తెలుగు రాష్ట్రాల్లో బస్సు మళ్లీ నిండుతోంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం. పల్లెవెలుగు నుంచి సిటీ ఆర్డినరీ దాకా నిలబడే చోటు కూడా దొరకని పూటలున్నాయి. ఇదే సమయానికి హైదరాబాద్‌లో కేపీహెచ్‌బీ నుంచి కోకాపేట నియోపోలిస్ దాకా ఎలివేటెడ్ బీఆర్‌టీఎస్ ప్రతిపాదన కాగితాల మీద ఉంది. స్తంభాల మీద వేస్తే కార్లవాళ్ల నుంచి ఒక్క అడుగు లాక్కోనక్కర్లేదు, గొడవ ఉండదు. కానీ బీఆర్‌టీకి ఉన్న ఒకే ఒక్క గొప్ప, అంటే ఉన్న రోడ్డునే పంచుకుని చవకగా అయిపోవడం, అక్కడితో పోతుంది. పైగా ఆ దారి ఐటీ ఉద్యోగులది. నిలబడి ప్రయాణించే జనం దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, మెహిదీపట్నం వైపు ఉన్నారు. అక్కడ ఇప్పటికే బస్సు వెనక బస్సు వస్తోంది. ఎక్కడ గంటకు అరవై బస్సులు దాటుతున్నాయో లెక్కపెట్టి, ఆ రోడ్ల మీద రద్దీ వేళల్లో ఎడమ వరసను రంగు వేసి బస్సులకు కేటాయించడానికి స్తంభాలూ డీపీఆర్‌లూ అక్కర్లేదు. కావాల్సింది అదనంగా బస్సులు కొనే డబ్బు, నడిపే డ్రైవర్ల జీతం, రోజూ లేనును కాచే ట్రాఫిక్ పోలీసులు. ఆర్టీసీకి ఏటా ఇంత ఇస్తామని బడ్జెట్‌లో ఒక పద్దు రాసి, గంటకు ఇన్ని బస్సులు తగ్గవని మాటిచ్చిన రోజున స్టేషన్ మధ్యలో కట్టాలా పక్కన కట్టాలా, తలుపు ఎడమనా కుడినా అన్న చర్చ మొదలుపెట్టవచ్చు.